ఎదురుగాలికి పుత్తూరు కట్టు

శ్రీకాళహస్తి ఊరి మొగదల్లో, ఎల్లప్ప టీకొట్టు ముందు సైకిలు ఆనించి బెంచీ మీద కూలబడేటప్పటికి దొరస్వామి చెప్పదలుచుకున్నది చాలా చిన్న ముక్క. అయితే ఆయన నోట్లో పడిన ముక్క ఏదీ చిన్నదిగా బయటికి రాదు. తిరుపతిలో పైపులూ కుళాయిలూ అమ్మే కొట్టాయనది. నలభై అయిదు దాటాక సైకిలు పిచ్చి పట్టుకుని, ఆదివారం ఆదివారం ఒక జట్టుతో బయల్దేరడం మొదలుపెట్టాడు. మొదట్లో రేణిగుంట దాటకముందే నాలుక బయటపెట్టేవాడు. ఎవరో ఒకరు వెనక్కొచ్చి వెంటబెట్టుకుని పోవాల్సి వచ్చేది. ముందువాడి చక్రానికి జానెడు ఎడంలో ఎట్లా పోవాలో, వాడి గాలిచాటున ఒంట్లో సత్తువ ఎట్లా దాచుకోవాలో ఆ జట్టే ఓపిగ్గా నేర్పింది. ఈరోజు మొట్టమొదటిసారి జట్టు నాయకురాలు రూపశ్రీ ఆయన్ని ముందు నడవమంది. అందర్నీ చెదరకుండా కాళహస్తి చేరిస్తే, వచ్చే ఆదివారం కాణిపాకం దాకా ముందు చోటు ఆయనదే. దానిమీద ఎంత ఆశంటే, వారం నుంచి కొట్లో బేరాలు కూడా సరిగ్గా ఆడలేదు.

చేరడమైతే చేరాడు. దిగి వెనక్కి చూస్తే జట్టులో ఒక్కరూ లేరు. వస్తార్లే, వెనకే ఉంటార్లే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, దొరస్వామి మాత్రం కోతలు మొదలుపెడతాడు. వినేందుకు మనుషులూ ఉన్నారు. కొట్టు పక్కన పూలు కట్టుకుంటూ సుబ్బులమ్మ, అంతలో ఆటో ఆపి, ఎల్లప్పతో గుడ్ల ట్రేలు దించించి టీ తాగుతున్న మునికృష్ణ.

"ఏం లేదు ఎల్లప్పా, ఏర్పేడు కాడ రవ్వంత ఎదురుగాలి. మా రూపశ్రీ, 'అన్నా, నువ్వు ముందరుండు' అనింది. సరే అని ముందరికొచ్చినా. అంతే."

"అంతేనా?" అన్నాడు ఎల్లప్ప గ్లాసు అందిస్తూ. దొరస్వామికి ఆ ఒక్క మాట చాలు.

"అంతే ఎట్లయితాదప్పా! అది మామూలు గాలి అనుకుంటివా? రోడ్డు వెడల్పు చేసేదానికి తవ్విపోసినారే, ఆ మట్టంతా లేచి మొగాన కొడతా ఉండాది. నేనేం జేసినా? తల వంచినా, మోచేతులు లోపలికి పెట్టినా, గాలిని నట్టనడిమికి చీల్చినా. సగం గాలి ఎడంపక్క వరికయ్యల్లోకి, సగం కుడిపక్క రైలుకట్ట మిందికి. ఇంగ నా ఎనకాల అగరొత్తి ముట్టిస్తే పొగ నిట్టనిలువుగా పోతాది, అంత నిమ్మళం."

"మీవోళ్ళంతా నీ చాటుననేనా నాయనా?" అంది సుబ్బులమ్మ.

దొరస్వామి ఒక్క గుటక వేశాడు. "ఇంగెవురి చాటునమ్మా? ముందరుండేవోడు తల తిప్పి సూడకూడదు. తిప్పితే సైకిలు పక్కకు లాగి ఎనకోళ్ళంతా కుప్పగా పడతారు. అది మా జట్టు కట్టుబాటు. నేను తిప్పలే. గుంతొస్తే చెయ్యి కిందికి చూపిచ్చేది, కంకరొస్తే చెయ్యి ఆడిచ్చేది, ఆగాలంటే పైకెత్తేది. వాళ్ళకు తొక్కే పనే లేకపోయ! మునిచంద్ర అని మావోడు, హ్యాండిలు మింద పొట్లం ఇప్పుకోని ఇడ్లీ తినినాడు. చట్నీ సుక్క కింద పడలే. తిని నిద్రపోయినాడు."

"సైకిలు మిందనా?"

"గురక గూడా ఇనపడింది గదప్పా నాకు! ఆమైన ఏమైందో తెల్సునా? గూడూరు పోయే రైలు పక్కన వస్తా ఉండాది. దానికీ అదే గాలి గదా, రొప్పతా, కాళ్ళీడస్తా ఉండాది. డ్రైవరు తల బయటపెట్టి, 'అన్నా, రవ్వంత ఎడంగా జరుగు, నేనూ నీ చాటుకొస్తా' అన్యాడు."

"రైలా!" ఎల్లప్ప పాలగిన్నె కింద మంట తగ్గించాడు.

"మనిషి నోరిడిచి అడిగితే కాదంటామా? జరిగినా. రైలు రైలంతా నా గాలిచాటులోకి వచ్చేసింది. ఇంగ సూడు, ఉరుకుడే ఉరుకుడు! టయానికి ముందే వచ్చి ముందే ఎళ్ళిపోయింది. టికెట్టు కొనుక్కున్నోళ్ళు పాపం స్టేషన్లో నన్నే తిట్టుకుంటా ఉంటారు." దొరస్వామి బెంచీ మీదనుంచి లేచి నిలబడ్డాడు. "గాలికి రోషమొచ్చింది. ఉన్న బలమంతా కూడగట్టుకోని ఎగిరొచ్చి నా రొమ్ము మింద గుద్దింది. ఫటుక్కుమనింది! నా ఎముకేమో అనుకుంటి. కాదు, గాలికే నడుమిరిగింది. మూలగతా, కుంటుకుంటా, ఇరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు దోవ పట్టింది. నమ్మకపోతే సుబ్బులమ్మ గొడుగు సూడు, అంచు కదలతా ఉండాదా?"

నిజంగానే కదలడంలేదు. సుబ్బులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "గాలికి నడుము యాడుంటాదని కడతారు నాయనా!" అంది. మునికృష్ణ మాత్రం నవ్వలేదు. "అది సరేన్నా, మరి నీ ఎనక నిద్రపోతా వచ్చినోళ్ళు యాడ?"

"నా జోరుకు తట్టుకోలేక ఎనకబడినారప్పా."

"నిద్రపోయేవోళ్ళు ఎట్ల ఎనకబడతారన్నా?"

దొరస్వామి ఖాళీ గ్లాసులోంచే ఇంకో గుక్క తాగాడు. అంతలో రోడ్డు మీద గంటలు గణగణమన్నాయి. జట్టంతా దుమ్ము కొట్టుకుని దిగింది. రూపశ్రీ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"దొరస్వామన్నా! మునిచంద్ర చైను ఏర్పేడులోనే తెగిపోయింది. అందరం ఆగినాం. గొంతులు పోయేట్టు అరిచినాం. నువ్వు పోతానే ఉండావు. ఫోను చేస్తే ఎత్తవు. నువ్వు గుంత చూపిస్తే ఎనకోళ్ళు 'గుంత' అని అరుస్తారు, ఆ అరుపు ఇనపడకపోతే ఆగాలని ఎన్నిసార్లు చెప్పినాం?"

"అంటే ఏర్పేడు కాణ్ణించి ఈయన ఎనక..." అన్నాడు ఎల్లప్ప.

"ఎవురూ లేరు."

కొట్టంతా ఘొల్లుమంది. నిద్రలో గురక పెట్టిన మునిచంద్ర అందరికంటే గట్టిగా నవ్వాడు. దొరస్వామికి సిగ్గుకంటే దిగులు ఎక్కువైంది. కాణిపాకం చేజారింది, మళ్ళీ జట్టుకు తోకగా పోవాల్సిందే అనుకుని తల దించుకున్నాడు.

"ఎవురూ లేరని ఎవురన్నారమ్మా? నేనుండా," అన్నాడు మునికృష్ణ.

అందరూ అటు తిరిగారు. ఆయన తన ఆటో చూపించాడు.

"ఈ రోడ్డు నాకు కొత్త. బండి నిండా గుడ్లు. గుంత యాడుండాదో తెలీక ఏర్పేడు కాడ బిక్కుబిక్కుమంటా ఉంటే ఈయన కనిపిచ్చినాడు. ఎనక మనిషి లేడు, అయినా చెయ్యి ఊపుతా పోతా ఉండాడు. పిచ్చోడేమో అనుకుంటి. ఆమైన సూస్తే, చూపిచ్చిన కాడల్లా గుంత ఉండాది! ఇంగ ఇడిస్తానా? ఆయన చెయ్యి యాడ చూపిస్తే ఆడ తప్పిచ్చినా, పైకెత్తితే ఆగినా. కరెంటు ఆటో గదా, సప్పుడుండదు, ఆ గాలిలో ఈయనకు తెలిసుండదు. ఎల్లప్పన్నా, ట్రేలు నువ్వే దించుకుంటివి గదా, ఒక్కటన్నా పగిలిందా?"

"ఒక్కటి గూడా పగల్లే," అన్నాడు ఎల్లప్ప ఆశ్చర్యపోతూ.

రూపశ్రీ కోపం నిలుపుకోవాలని చూసింది, కుదరలేదు. పగలబడి నవ్వింది. "జట్టును వదిలి పోయింది తప్పేనన్నా. కానీ ఇంత బాగా దోవ చూపిస్తావని నేను గూడా అనుకోలే. కాణిపాకానికి నువ్వే ముందర. నీ ఎనకాలే నేనుంటా. నా అరుపు ఇనపడకపోతే మాత్రం ఆగు."

దొరస్వామికి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంగనన్నా ఉన్నది ఉన్నట్టు చెప్తావా నాయనా?" అంది సుబ్బులమ్మ.

దొరస్వామి ముక్కు తుడుచుకుని, మళ్ళీ బెంచీ మీద దర్జాగా కూర్చున్నాడు.

"ఉన్నదే చెప్తా ఉండానమ్మా. మనుషుల్నయితే ఎవురైనా లాక్కొస్తారు. ఆ గాలిలో, ఆ గుంతల్లో, ఒక్కటి పగలకుండా గుడ్లను లాక్కొచ్చినోడు ఈ సీమలో ఇంకొకడు ఉండాడేమో అడుగు!"