బీరయ్య నోరు, మైసి గొర్రెపిల్లలు

బీరయ్య ఉన్నడు సూడు, ఒక్కకాడ కుదురుగ కూసునే మనిషి గాదు. కూసుంటె మోకాలు ఊపుతడు, నిలవడితె కర్రతోని నేల గీకుతడు. ఈయన మనుమరాలు మైసి, పాలపండ్లు ఊడుతున్న ఈడు. గొర్లోళ్ల ఇండ్లల్ల ఏంటిదంటే, పొద్దంత తల్లిగొర్లు మేతకు పోతయి, పసిపిల్లలు దొడ్లనే ఉంటయి. మాపటికి తల్లులు అరుసుకుంట వస్తయి. అప్పుడు ఏ పిల్లను ఆ తల్లికే ఇడవాలె. తప్పు పిల్ల పోయిందనుకో, తల్లి వాసన జూసి ఒక్క పోటు పొడుస్తది, పాలియ్యదు. ఆ యేడు వానల్లేవంట. మంద గోదారి ఒడ్డుకు కదలాలె. అమ్మతోని నేనూ పోత అని మైసి ఒకటే ఏడుపు. నాయనమ్మ రాజవ్వ ఏమన్నదంటే, ఎవరొద్దన్నరు బిడ్డా, పిల్లల్ని నువ్వొక్కదానివే తల్లులకు ఇడిస్తె వస్తవు, లేకుంటె మేనత్త ఇంట్ల ఉంటవు అన్నది. అని ముసలాయన దిక్కు తిరిగి, "ఎవ్వరు నోరు మెదపద్దు. ఇంటున్నవా?" అన్నది.

మొదాల అన్నీ తప్పులే. ఈ పిల్లను ఆడ ఇడుస్తది, ఆ గొర్రె పొడుస్తది, పిల్ల బోర్ల పడుతది, మైసి ఏడుస్తది. బీరయ్యకు ప్రాణం ఆగుతదా? లేస్తడు, కూసుంటడు, మల్ల లేస్తడు. ఇగ ఏంజేసిండంటే, ఎవరు సూడకుంట గొంగడి నేసే రంగు నూలుపోగులు తెచ్చి తల్లి మెడకొకటి, దాని పిల్ల మెడకు అసొంటిదే ఇంకొకటి కట్టిండంట. రాజవ్వకు సూపు మందం, ఆమెకేం కనవడలే. ఇగ మైసి జూడు, ఎర్రదానికి ఎర్రది, పచ్చదానికి పచ్చది, గడియల ఇడిసేసింది. అబ్బ, మా మైసి అని అందరు మురిసిండ్రు. మురవరా మరి?

ఏమైందంటే, తెల్లారితె మంద కదులుతదనంగ, దొడ్లె ఉన్న పిల్లలు ఊకుంటయా? ఒకదాని మెడల నూలు ఒకటి నమిలి మింగినయి. మాపటికి తల్లులొచ్చినయి. మైసి నడుమ నిలవడి, "తాతా, రంగులేవి?" అన్నది. నవ్వకుండ్రి, ఆ ముసలాయన మొకం యాడ వెట్టుకోవాలె? రాజవ్వ అయితె, "ఏం మనిషివయ్యా, దానికి సాయం జేసినవా, కండ్లకు గంతలు గట్టినవా?" అని ఇరుసుకవడ్డది. మైసిని మాత్రం ఏమనలే. "ఇడువు బిడ్డా. మేమిక్కడనే ఉంటం" అని కూసున్నది.

మైసి ఒకటి ఇడిసింది, తప్పు. ఇంకోటి, తప్పే. దొడ్డంత ఒకటే అరుపులు. బీరయ్య గోర్లు కొరుకుతుండు. గప్పుడు మైసి ఒక పిల్లను ఒళ్లె కూసోవెట్టుకొని ఊకె సూసుకుంట ఉన్నదంట. అది మే అన్నది. గొర్లన్నిట్ల ఒక చెవి తెగిన గొర్రె ఒక్కటే తల తిప్పింది. పిల్ల మల్ల అన్నది, గొర్రె మల్ల తిప్పింది. మైసి ఇడిసింది. పిల్ల వోయి పొదుగు పట్టింది! ఇగ ఒక్కొక్కదాన్ని ఒళ్లెకు తీసుకునుడు, అరిసేదాక ఆగుడు, తల తిప్పేదాన్ని సూసుడు. ఆగమాగం లేదు. అట్ల అట్ల ఆఖరికి ఒక్క తల్లి, ఒక్క పిల్ల మిగిలినయి. ఆగొచ్చు గదా! బీరయ్య ఎగిరి, "అదే బిడ్డా, అదే, ఇడువు!" అని ఒర్లిండు.

మైసి పిల్లను కింద వెట్టి కాలు నేలకు తన్నింది. "ఎందుకు జెప్పినవ్ తాతా? నాకు తెల్సు! ఇది లెక్కల రాదు. రేపు మల్ల ఇడుస్త, గప్పుడే పోదాం" అన్నది. రాజవ్వ సరే అన్నది. ఇగ ఏంజేస్తరు, కట్టిన మూటలు ఇప్పిండ్రు. మరునాడు మాపటికి మైసి ముందుగాల తాతను బాయికాడికి పంపింది. ఆయన ఆడ చెవులల్ల ఏళ్లు వెట్టుకొని నిలవడ్డడు, తీసిండు, మల్ల వెట్టిండు. దొడ్లె అరుపులు ఒక్కొక్కటే తగ్గి, సప్పుడే లేకుంట అయింది. ఉరికొచ్చి జూస్తె పిల్లలన్నీ తోకలు ఊపుకుంట పాలు తాగుతున్నయి. తెల్లారి మంద కదిలింది, ముందట మైసి.

ఒకరోజు ఆగినరేందని ఊరోళ్లు అడిగితె, బీరయ్య, "మంగళారం బయలెల్లద్దు గదా" అన్నడంట. మీ పిల్ల పలక మీద లెక్క జేస్తుంటె పక్కన కూసొని ఆగలేక మీరే జెప్పిండ్రనుకో, అడిగినోళ్లకు మీరు గూడ గదే జెప్పుండ్రి, మంగళారమని.