అడక్కముందే పసిగట్టే సైటు

నాన్న కళ్ళజోళ్ళ షాపుకి వెబ్‌సైట్ చేసే పని చిన్నబావకే అని దాదాపు ఖాయమైంది. అతను గీసుకొచ్చిన కాగితం వరండాలో చేతులు మారుతుంటే, దివాన్ మీద కూర్చున్న పెద్దబావ దాన్ని లాక్కుని పెదవి విరిచాడు.

"షాపు ఎక్కడ, ఎప్పుడు తెరుస్తారు, ఫోన్ నంబరు. ఇంతేనా? దీనికేనా ఇంత మురిపెం? మామయ్యగారూ, నేను చెప్పుల షాపుకి సైటు చేసినప్పుడు ఏం చేశానో తెలుసా? గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళని 'ఏం కావాలండీ' అని అడిగా. పదిమందిని."

"మంచి పనే," అన్నాడు నాన్న.

"పదిమందేమిటి, పదివేలమందిని! కాళ్ళు వాచిపోయాయంటే నమ్మండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సైటుకే మనుషుల గుట్టు తెలిసిపోయింది. ముసలాయన చూస్తే అక్షరాలు వాటంతటవే ఉబ్బేవి. తొందరలో ఉన్నవాడు చూస్తే మాటలు పొట్టివైపోయేవి. ఒకావిడ ఫోన్ ముందు నిట్టూర్చిందంతే, సైటు మడమ నొప్పని కనిపెట్టి మెత్తటి జోడు చూపించింది!"

"ఆవిడ మొగుడు మాట్లాడుతున్నాడేమో," పెద్దక్క గొణిగింది.

"నువ్వాగవే. ఒకాయన పుట్టబోయే కొడుక్కి చెప్పులు వెతికితే, 'కూతురండీ, ఇవి చూడండి' అంది. కూతురే పుట్టింది! ఇక జనం డాక్టర్లని మానేశారు, పెళ్ళి సంబంధాలు కూడా సైటునే అడిగేవాళ్ళు. ఊరంతా కరెంటు పోయినా అది మాత్రం వెలుగుతూనే ఉండేది, పాపం, వాళ్ళ బాధ చూడలేక! ఏమయ్యా తోడల్లుడూ, నీ కాగితం ఇవన్నీ చేస్తుందా?"

"చెయ్యదన్నయ్యా. రేపు షాపులో కూర్చుని, వచ్చినవాళ్ళని ఇంకాస్త అడిగి..."

"అడగడమెందుకయ్యా! నా సైటే అడక్కముందు పసిగట్టిందంటే, దాన్ని పుట్టించినవాణ్ణి నేనెంత పసిగడతానో చూసుకో! మనిషి ముఖం చూస్తే చాలు, ఏం కావాలో చెప్పేస్తా. ఈ పని నాకిచ్చేయండి మామయ్యగారూ."

అమ్మ మెల్లగా అంది: "అయితే కాస్త లే బాబూ. మీ మామయ్యగారు పావుగంట నుంచి కళ్ళజోడు కోసం తడుముకుంటున్నారు. నువ్వు దానిమీదే కూర్చున్నావు."

బావ చివాలున లేచాడు. ఒక అద్దం దివాన్ మీదుంది, రెండోది రెండు ముక్కలైంది. దేవుడు క్షమించాలి, అందరికన్నా ముందు నవ్వింది నేనే.

నాన్న కోప్పడలేదు. మిగిలిన అద్దాన్ని కంటికి ఆనించుకుని పెద్దల్లుడి వైపు చూశాడు.

"పని చిన్నల్లుడిదే. నువ్వూ రేపు షాపుకి రా అల్లుడూ. కళ్ళజోడు విరిగినవాడికి ముందు ఏం కావాలో నీ తోడల్లుడు అడుగుతాడు, నేను చెబుతాను. నువ్వు విను."