అరుగొక వీధిలో, వంటిల్లొక వీధిలో

కోటిలింగానికి ఇల్లు లేదు. ఈ మాట ముందే చెప్పేత్తన్నాను, తరవాత నన్నాడిపోసుకోకండి. రాజమండ్రి రేవు పక్కన సత్రం ఎనకాల ఒక గది, ఆ గదిలో ఒక చాపా, ఒక చెంబూ, ఒక గొడుగూ, అదీ ఆడి ఆస్తి. అమ్మా లేదు, అయ్యా లేడు, అక్కా చెల్లీ లేరు. మరి ఏం చేసేవోడంటే, ఊరు చూపించేవోడంట. అదేం పనయ్యా అంటారేమో, పనే మరి. అప్పటికి గోదారి మీద బస్సులెల్లే వంతెన లేదు. లంకల్లోంచీ, అవతలి గట్టునించీ పిల్లా జెల్లా ముసలీ ముతకా లాంచీలెక్కొచ్చి రేవులో దిగేవోరు. దిగేక ఎటెల్లాలో తెలీదు. అప్పుడీ కోటిలింగం గొడుగు పైకెత్తి, "రండి బాబయ్యా, రండమ్మా, నా గొడుగెనకాలే రండి, పాతూరంతా చూపించేత్తాను, పసిపిల్లకి కాలు నెప్పెట్టదు, పండుముసలికి ఆయాసం రాదు" అనేవోడు. అలాగే తిప్పేవోడనుకో. ఏ సందులో పొద్దున్నే నీడుంటదో, ఏ సందులో మజ్జానం నీడుంటదో ఆడికి తెలుసు. ఏ అరుగు మీద కూచుంటే ఇంటోళ్లు లెమ్మనరో తెలుసు. పిల్ల ఏడవబోయే ముందే మొకం చూసి కనిపెట్టేసి, "అదిగో ఆ కిటికీలో రాంచిలక చూడు" అనేవోడు. ముసలాయన మోకాలు పట్టుకోబోయే ముందే ఆగి కతెత్తుకునేవోడు. ఒక్కో అరుక్కీ ఒక కత. సగం నిజం, సగం ఆడి సొంతం.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆడికొక బెంగ. పొద్దున్నించీ పదిమందిని ఎనకాలేసుకు తిరుగుతాడా, ఆళ్లు 'బాబాయ్' అంటారు, 'అన్నయ్యా' అంటారు, సాయంత్రం లాంచీ కూతెయ్యగానే ఒక్కరుండరు. ఈడొక్కడే మెట్ల మీద నిలబడతాడు. నాకూ ఇంటినిండా మనుషులుంటే బాగుణ్ణు, పిలిత్తే పలికేవోళ్లు నలుగురుంటే బాగుణ్ణు అని కళ్లల్లో నీళ్లొచ్చేసేవంట. అలా ఉండగా ఏమైందంటే, పెళ్లిళ్లు కుదిర్చే గవర్రాజు ఒకరోజు ఆణ్ణి పట్టుకున్నాడు. వెయ్యబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా, గవర్రాజు అంత శ్రమ పడడు, రెండుతో సరిపెట్టేత్తాడు. "ఒరే లింగం, పైడిలంకలో పిల్లుందిరా, నూకరత్నం అని. అమ్మా నాన్నా పోతే మామ్మ అచ్చియ్యమ్మ పెంచింది. చుట్టాలంటావా, పెదనాన్నలూ, పెద్దమ్మలూ, ఆళ్ల పిల్లలూ, ఇల్లంతా తిరణాలే" అన్నాడంట. తిరణాల అనేసరికి ఈడు చేతిలో గొడుగు కింద పడేసుకున్నాడు. "మరి నాకిల్లు లేదని చెప్పేరా అండీ?" అంటే, "అదెందుకు చెప్తాన్రా? గోదారొడ్డున ఇల్లు, అరుగులూ, నుయ్యీ, వంటిల్లూ, దేవుడి గదీ, మెట్లు దిగితే గోదారీ అని చెప్పేను. ఎల్లుండి ఇల్లు చూసుకోడానికి వత్తన్నారు, ఇంటిల్లిపాదీ" అనేసి, టీ తాగి, మూతి తుడుచుకుని ఎల్లిపోయేడు.

పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసుకోడం మనలో ఉన్నదే కదా. పిల్లోడికి మెల్లకన్నున్నా సర్దుకుంటారు గానీ నూతిలో ఊటెలా ఉందో చూడకుండా తాంబూలం పుచ్చుకోరు. కోటిలింగం ముందు తనకి ఇల్లు లేదని కబురెట్టేద్దామా అనుకున్నాడు, అమ్మో, అంతమంది చుట్టాలు చేతిలోంచి జారిపోతారు. చివరికి పెద్దరుగుల సోమిదేవమ్మగారి దగ్గరికెల్లేడు. ఆవిడ ముసలావిడ, ఒక్కత్తీ ఉంటది, రోజూ ఈడు జనాన్ని కూచోబెట్టేది ఆవిడరుగు మీదే. "అమ్మగారూ, ఎల్లుండి చానామందొత్తారండి, మీ అరుగు మీద కూచోబెట్టుకుంటానండి" అన్నాడు. "రోజూ కూచోబెట్టేదేగా, ఇవాళ కొత్తగా అడుగుతావేమిట్రా?" అందావిడ. ఇంక ఉన్నదంతా కక్కేసేడు. నాదని మాత్రం అననండీ, ఒట్టు, చూపిత్తానంతే, ఆళ్లేమనుకుంటే అది అన్నాడు. "అదీ అబద్ధమేరా వెధవా, కాకపోతే నోరు కదపక్కర్లేదు. సరే, తీసుకురా, మజ్జిగ చేయించి ఉంచుతాను" అందంట. ఆ ధైర్యంతో ఇంకో రెండు గుమ్మాలెక్కేడు, ఆళ్లూ సరేనన్నారు.

లాంచీ వచ్చింది. ముందు అచ్చియ్యమ్మ దిగింది, చేతికర్రతో. ఎనకాల నూకరత్నం, తలొంచుకునుంది గానీ కళ్లు మాత్రం నాలుగేపులా తిరుగుతున్నాయి. ఆ ఎనకాల బిలబిలమంటా పదకొండుమంది. "ఈయన మా రత్నానికి పెదనాన్న, తాతబ్బాయి. ఆవిడ పెద్దమ్మ. ఈ పెద్దాయన తాతగారు. ఈళ్లంతా పిల్లలు" అని గబగబా చెప్పేసింది మామ్మ. అందులో బుల్లెమ్మని ఐదేళ్ల పిల్ల తిన్నగా వచ్చి గొడుగు పట్టుకుని, "బావా, ఇది నాకిత్తావా?" అంది. అయిపోయింది. బావా అని ఆణ్ణెవరూ పిలవలేదు పుట్టేక. ఆ పిల్లనెత్తి బుజం మీద కూచోబెట్టుకున్నాడు, గొడుగు పిల్ల చేతిలో పెట్టేడు, బయల్దేరేరు ఊరేగింపులాగ.

ముందు సోమిదేవమ్మగారి అరుగు. అచ్చియ్యమ్మ కర్రతో స్తంభాన్ని కొట్టి చూసింది. "టేకేనా బాబూ?" "టేకేనండి మామ్మగారూ, మన్నెంనించి తెప్పలు కట్టి గోదార్లో తెచ్చిందండి." మజ్జిగొచ్చింది. తాగేరు. మరి నుయ్యేదీ అంది. "ఇలా రండి" అని నడిపించేడు. ఒక సందైంది, రెండో సందైంది. గాజుల కొట్ల ముందు ఆగేరు, పుస్తకాలచ్చేసే ప్రెస్సు దగ్గర ఆగేరు, అక్కడ కత్తిరించి పారేసిన రంగుకాయితాలు పిల్లలందరికీ గుప్పెడు గుప్పెడిచ్చేరు. ఆ ప్రెస్సు పెరట్లో నుయ్యి. కోటిలింగం చేదెక్కడుందని ప్రెస్సోళ్లనడిగి నీళ్లు తోడేడు. మామ్మ దోసిలొగ్గి తాగి, "తియ్యగానే ఉన్నయ్యి గానీ, అరుగు మీంచి నూతికింత దూరమేటి బాబూ?" అంది. "కబుర్లాడుకుంటా నడిత్తే తెలీదండి" అన్నాడు. అబద్ధం ఒక్కటీ లేదు చూడండి! మరి వంటిల్లో అంటే, ఇంకో మూడు వీధులు. కామాక్షమ్మ పూటకూళ్లిల్లు. ముప్పైమందికి ఒక్కసారే ఉడికే గుండిగ చూసి మామ్మ నోరెళ్లబెట్టింది. "ఒక్కడివే ఉంటావన్నారు, ఇంత గుండిగెందుకు బాబూ?" "వచ్చేపోయేవోళ్లెక్కువండి" అన్నాడు. కామాక్షమ్మ నవ్వాపుకుని ఆకులేసింది. గుత్తొంకాయ కూర, పప్పుపులుసు, గడ్డపెరుగు, అందరూ కడుపు పట్టుకుని లేచేరు. మామ్మ లెక్కేసుకుంటంది, మా ఇంట్లో అరుగు మీంచి ఆరడుగులేత్తే వంటిల్లు, ఈ పిల్లోడింట్లో వంటింటికెల్లాలంటే పూట పడతంది, ఎంత ఆస్తిపరుడో అని! అబ్బ, ఆ ముసల్దాని ఆనందం మీరు చూడాలి.

ఇంక ఈడి సంగతి. మధ్యమధ్యలో ఈడికీ చెవినేవో పడతన్నాయి. తాతబ్బాయి నూకరత్నం పక్కకొచ్చి, "అమ్మాయ్, నీ పేరేటన్నావ్?" అన్నాడు. పెద్దమ్మేమో మామ్మని, "మీదే ఊరన్నారండీ?" అనడిగింది. ఇంకోడైతే ఇదేటని నిలదీసేవోడు. ఈడేమనుకున్నాడంటే, ఓహో, ఎంత పెద్ద కుటుంబమో, పెదనాన్నకే పేర్లు గుర్తుండట్లేదు అని మురిసిపోయేడంట! ఆశలో పడ్డోడికి చెవులుండవు కదా. తాతగారికి చెయ్యందించేడు, చెప్పు తెగిన పిల్లోణ్ణి చంకనేసుకున్నాడు, పదముగ్గుర్నీ మళ్లీ మళ్లీ లెక్కెట్టుకున్నాడు. మామూలుగా తప్పిపోతారేమోనని లెక్కెట్టేవోడు, ఆరోజు మాత్రం నావోళ్లు నావోళ్లు అని లెక్కెట్టుకున్నాడు.

దేవుడి గదంటే గుళ్లోకి తీసుకెల్లేడు. "దేవుడు పెద్దగానే ఉన్నాడు" అని దణ్ణం పెట్టుకుంది మామ్మ. పెరడంటే రేవు మెట్లమీదకి తీసుకొచ్చేడు. అందరూ చతికిలబడ్డారు, పిల్లలు నీళ్లల్లో కాళ్లేసి తపతపలాడించేత్తన్నారు. అప్పుడు మామ్మ, "అన్నీ చూసేం బాబూ. పడకగదొక్కటే చూపించలేదు. మా పిల్ల ఎక్కడ పడుకుంటదో చూసేసుకుంటే తాంబూలాలు పుచ్చేసుకోవచ్చు" అంది. కోటిలింగం కతెత్తుకోబోయి ఆగిపోయేడు. చెప్పడానికి కతేం లేకపోలేదు, ఒక్కో అరుక్కీ కత కట్టినోడు పడకగదికి కట్టలేడా? గానీ ఒళ్లో బుల్లెమ్మ ఆడి వేళ్లు లెక్కెట్టుకుంటంది. ఈ పిల్ల నన్ను బావంటంది, ఈళ్లందర్నీ మోసం చేసి నా చుట్టాలనెలా అనుకుంటానురా అనిపించేసిందంట. పిల్లని కిందకి దింపి, లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "మామ్మగారూ, నాకిల్లు లేదండి. ఆ అరుగు నాది కాదు, ఆ నుయ్యి నాది కాదు, వంటిల్లు అసలే కాదు. సత్రం ఎనకాల ఒక గదుందండి, అదీ వాన కురిత్తే కారుద్ది. మీరంతా వత్తారని ఆశకొద్దీ తిప్పేనండి, నన్ను క్షమించండి" అన్నాడు. చెప్తా చెప్తా ఏడ్చేసేడు.

మామ్మ తిడతదేమోనని చూత్తన్నాడు. ఆవిడ తిట్టలేదు, కర్ర ఒళ్లో పెట్టుకుని గోదారేపు చూత్తా కూచుంది. ఉన్నట్టుండి తాతబ్బాయి పకపకా నవ్వేసేడు. "చెప్పేయండి మామ్మగారూ, ఇంకా ఎందుకు!" అన్నాడు. అప్పుడు బయటపడింది సంగతి. ఆ పదకొండుమందీ చుట్టాలు కాదు, పక్కాలు కాదు! గవర్రాజు ఆవిడ దగ్గర, పిల్లోడికి పెద్ద కుటుంబమే కావాలంట, ఇద్దరే ఉంటే ఒప్పుకోడంట అన్నాడు. పాపం ముసల్దానికి ఎవరున్నారు? లాంచీ ఎక్కింది, పక్కన తాతబ్బాయి కుటుంబం కూచుంది, రాజమండ్రి చూడ్డానికెల్తన్నారు. మనోళ్ల సంగతి తెలుసు కదా, లాంచీలో పది నిమిషాలు కూచుంటే వరసలు కలిపేసుకుంటాం. మీదేవూరు, మీ ఇంటిపేరేటి, అయితే మీరు నాకు కొడుకు వరస అవుతారు అనేసింది మామ్మ. అలా గట్టు దాటేసరికి కొడుకు, రేవు దగ్గరికొచ్చేసరికి పిల్లకి పెదనాన్న. "పెళ్లికొడుకు ఊరంతా ఊరికే చూపిత్తాడు, కాస్త చుట్టాలుగా ఉండండి బాబూ" అంటే, దానికేం భాగ్యం అని ఒప్పుకున్నారంట.

కోటిలింగం కూలబడిపోయేడు. ఇల్లు లేకపోవడం ఆడికలవాటే, గానీ పొద్దున్నించీ తనవోళ్లనుకున్న పదకొండుమందీ ఒక్క మాటతో పరాయోళ్లైపోయేరు. అప్పటిదాకా నోరిప్పని నూకరత్నం అప్పుడిప్పింది. "మామ్మా, నువ్వూరుకో" అని ఈడేపు తిరిగి, "మీకిల్లు లేదని నాకు రెండో సందులోనే తెలిసిపోయిందండి. సొంత నూతిలో తోడుకునేవోడు చేద ఎక్కడుందని అడగడు. గానీ పొద్దున్నించీ చూత్తన్నాను, ఏ గుమ్మం ఎక్కినా 'రా లింగం' అన్నారు గానీ ఎందుకొచ్చేవన్నోళ్లు లేరు. మా లంకలో సొంతిల్లున్నోడికీ అంత మర్యాద జరగదు. నాకా ఇల్లు చాలు. మీ సంగతే తేలాలి. నేనూ మామ్మా, ఇద్దరమే ఉన్నాం. ఇద్దరు సరిపోతారా?" అంది. ఆడు మొకం తుడుచుకుని, "లాంచీ ఎల్లిపోయేక కూడా ఉండేవోళ్లైతే ఒక్కరైనా చాలండి" అన్నాడంట. ఇప్పటికీ ఈ మాట చెప్పేటప్పుడు నేను కళ్లజోడు తుడుచుకోవాల్సొత్తది, ఆగండి.

ఆఁ. ఈలోగా లాంచీ కూతేసింది. తాతబ్బాయి పెళ్లాం మూటందుకోబోయింది. తాతబ్బాయి, "కూచోవే. వరస కలిపేం, మజ్జిగ తాగేం, అన్నం తిన్నాం. ఇప్పుడు కాదంటే కళ్లు పోతాయి. పెదనాన్నన్నారు, కన్యాదానం నేనే చేత్తాను. మన లాంచీ రేపొత్తది" అన్నాడు. పిల్లలు హో అని మళ్లీ నీళ్లల్లో దూకేరు.

పెళ్లెక్కడైందనుకున్నారు, సోమిదేవమ్మగారి అరుగు మీదే. వంట కామాక్షమ్మ గుండిగలో. పైడిలంకనించి ఆడపెళ్లివారని ఒక్క మామ్మ, తాతబ్బాయి తరపునించి డెబ్బైమంది. ఆవిడ లాంచీలో ఒక్కడితోటే వరస కలిపింది, ఆ డెబ్బైమందీ ఆళ్లలో ఆళ్లు మిగతాది కలిపేసుకున్నారు. గవర్రాజు ముందు వరసలో కూచుని, నేనాడిన రెండబద్ధాలూ నిజాలైపోయినాయి, నన్నబద్ధాలకోరంటారేటయ్యా అని రెండు విస్తళ్లు తినేసేడంట. తరవాత అచ్చియ్యమ్మ లంకకెల్లనే లేదు. పొద్దున్నే కర్రట్టుకుని రేవులో నిలబడి, దిగినోళ్లందర్నీ మనవడెనకాల తోలుకెల్తా, "ఇది మా అరుగు, ఇది మా నుయ్యి" అని సిగ్గూ ఎగ్గూ లేకుండా చెప్పేసేదంట. మనవడు నాది అని ఒక్కమాటా అననివోడు, ఈవిడేమో ఏడాది తిరక్కుండా సగం పాతూరు రాయించేసుకుంది.

ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దోళ్లు. ఆ అన్నాయనెవరో లాంచీ ఎక్కలేదు, అందుకే అలా భయపెట్టేడు. మీరు పిల్లల్ని తీసుకుని రాజమండ్రెల్లండి, పాతూరు సందులన్నీ కాళ్లీడ్చుకుంటా తిరగండి, నేనొద్దనను. కాకపోతే రేవులో ఏ ముసలావిడన్నా మీదే ఊరు బాబూ, ఇంటిపేరేటి బాబూ అందంటే మాత్రం కాస్త చూసుకోండి. పొద్దు వాలేసరికి ఎవరి పిల్ల పెళ్లిలోనో పెళ్లికొడుక్కి కాళ్లు కడుగుతా ఉంటారు.