మొద్దుబారిన చెంప

2005లో ఒక ఆదివారం. అరకు నుంచి విశాఖకు దిగే పాసింజరు రైలు. కిటికీ పక్కన కూతురు రాజకుమారి, ఆమెను ఆనుకుని తల్లి యర్రమ్మ.

"సూసినానని సెప్పినాను కదే. అన్నీ ఉన్నాయి."

"సరిగ్గా చూడలేదమ్మా. ఇలా చూసి అలా తిప్పీసావు మొహం."

"ఎన్నిమార్లు సూడమంతావు? బిల్లలకి కాల్లున్నాయేటి, ఎక్కడికి పోతాయి?"

"రేపు పొద్దున్నే నర్సు చూసేది ముందు అవే. స్కానింగు నాడు మొహానికి అంటించిన బిళ్ళలు అంటించినట్టే ఉండాలంది. ఒక్కటి ఊడినా ఆపరేషన్ లేదంది. విన్నావు కదా నువ్వూ."

"విన్నాను. ఊడలేదు. ఈ దుంప తిను, ఇంకా ఏడిగా ఉంది."

"ఆ ఎదురు బల్ల మీద సావుకారు చూడు, ఎక్కిన కాడ్నించీ నన్నే చూస్తున్నాడు."

"సూడనీ."

"గారెల్లాగ మధ్యన బొక్కలెట్టుకుని ఇవేటి బొట్లు అనుకుంటున్నాడేమో."

"అనుకోనీ. తిను."

"ఆ పక్కనించి పెట్టకు. ఆ పక్క నమిలితే చెంప కొరుక్కున్నా తెలీదు నాకు."

"ఇంకా అలాగే ఉందేటి?"

"అలాగే ఉంటాది కదా."

"కొంచెం కూడా తగ్గలేదేటి? నిన్నటికీ ఇయ్యాలికీ?"

"ఒక్కరోజులో ఎలా తగ్గుతాది? పొద్దుట్నించి మాటిమాటికీ అదే అడుగుతున్నావు."

"ఊరికే అడిగినాను. ఇదిగో, ఇక్కడ. తెలస్తందేటి?"

"ముట్టుకున్నావేటి ఇప్పుడు?"

"ఊఁ."

"తెలీలేదు. నిన్న నా పిల్ల ఆ చెంపే గిచ్చింది కదా. రక్తం జాకెట్టు మీద పడితే అప్పుడు చూసుకున్నాను."

"దాని గోల్లు తియ్యమని మీ ఆయనకి సెప్పినాను."

"హుకుంపేటలో బస్సెక్కినప్పుడు అది ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదమ్మా. అందుకే కదా, ఆస్పత్రిలో మంచం ఖాళీ లేదు, ఆదివారం రండి అంటే, దాన్ని చూసొస్తానని ఊరికి వచ్చింది. తీరా చూస్తే ఏటీ అనిపించలేదు. ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుంది. మనసు కూడా ఈ చెంపలాగే అయిపోయింది."

"అలాగనకే."

"ఉన్నదే అన్నాను. ముసుగు తియ్యమ్మా, ఇంత ఉక్కలో ఏటది?"

"సలేస్తంది."

"చలేటి? చెమటలు కారతన్నాయి నీకు."

"నాకు సలే."

"పొద్దుట్నించి తియ్యడం లేదు. గంజి తాగినప్పుడూ అలాగే తాగావు."

"టన్నెలు వత్తంది. సెయ్యి లోపలెట్టు."

"పెట్టాను. నువ్వెందుకు పట్టుకున్నావు?"

"పడిపోతావని."

"కూచున్నదాన్ని ఎలా పడిపోతాను?"

"నీకేటి, ఊరుకో... మల్లీ సెప్పు. ఆపరేషన్లో ఆ మిషను ఏటి సేత్తాది?"

"చెప్పాను కదా."

"మల్లీ సెప్పు."

"గడ్డ తల అడుగున ఉందంట. ముక్కులోంచి పుల్లలాంటిది పెట్టి అక్కడికి ఎళ్తారు. లోపల డాక్టరుకి దారి సరిగ్గా కనబడదు. పక్కనే కంటి నరం. ఆ పక్కనే రక్తం గొట్టం. కంప్యూటరు ఈ బిళ్ళల్ని ఆనవాలు పెట్టుకుని, పుల్ల ఇక్కడుంది, గడ్డ అక్కడుంది అని టీవీలో చూపిస్తాది."

"బిల్లల్ని సూసే సెప్తాదా?"

"వాటిని చూసే. అవి లేకపోతే దానికేటీ తెలీదు."

"మనిసిని సూడదా?"

"మనిషితో దానికేటి పని? బిళ్ళలే."

"అదే. నర్సమ్మా అదే అంది. బిల్ల ఉన్నాదంటే రోగం ఎక్కడుందో తెలుస్తాదని."

"అలా అందా?"

"అలాగే అంది."

"ఇంకోటి కూడా అంది. ఒక బిళ్ళ తప్పితే పుల్ల కంటి నరం మీదకి పోతాదని. అందుకే అడుగుతున్నాను. మిషను హైదరాబాదు నుంచి తెస్తన్నారు, రేపొక్కరోజుకే. మళ్ళీ ఎప్పుడు తెస్తారో డాక్టరుకే తెలీదు. అప్పటికి ఈ కన్ను ఉండదన్నాడు. వింటున్నావా?"

"బొర్రా వచ్చీసింది. టీ తాగుతావేటి?"

"వద్దు. నువ్వు చూడవు, నేనే ముట్టుకుని చూసుకుంటాను."

"ముట్టుకోవద్దంది కదే నర్సమ్మ!"

"నొక్కను. నుదుటి మీద ఉన్నాయి. ఈ చెవికాడ ఉంది... ఇక్కడుంది... అమ్మా."

"ఏటే."

"ఈ కణత మీద లేదు."

"ఉంతాది. సరిగ్గా సూడు."

"లేదు. వేలికి చర్మమే తగులుతుంది. మొద్దు పక్కది. ఎప్పుడూడిందో నాకు తెలీనే లేదు. నువ్వు చూసినప్పుడుందా?"

"ముందు ఈ దుంప తిను."

"పోనీ, బిళ్ళ చుట్టూ నర్సు పెన్నుతో గీసింది కదా. ఆ గీత ఉందేమో చూడు. గీతుంటే దాన్నిబట్టి మళ్ళీ అంటిస్తారు."

"లేదు."

"చూడకుండానే లేదంటావేటి?"

"రేతిరి నువ్వు పడుకున్నాక పసుపు రాసి కడిగినాను. పోయింది."

"మొహం తడపొద్దన్నారు కదా!"

"ఆ పక్కే కడిగినాను. నీకు తెలీదు కదాని."

"అయితే నువ్వే తీసావు."

"టీ సల్లారిపోతంది, ఆ గుంటడ్ని పిలు."

"టీ కొనలేదమ్మా మనం. బిళ్ళ ఎక్కడ పారేసావు?"

"పారీలేదు."

"మరెక్కడుంది? సంచిలోనా?"

"టన్నెలు వత్తంది."

"రానీ. ముసుగు తియ్యి."

"రాజీ..."

"తియ్యి. ఈ పక్క కాదు, అటు పక్కది. ఇలా తిరుగు."

"మెల్లిగా. ఊడిపోతాది."

"అమ్మా. నీ కణత మీదేటిది?"

"గట్టిగా మాటాడకు. సావుకారు సూత్తన్నాడు."

"చూడనీ. ఎందుకంటించుకున్నావు?"

"మిషను మనిసిని సూడదన్నావు కదే నువ్వే. బిల్లనే సూత్తాదన్నావు. బిల్ల నాకాడుంటే రోగమూ నాకాడే సూపిత్తాది. కోసినా నన్నే కోత్తారు. నాకేటి, ఒక కన్నున్నా సాలు, కాఫీ పళ్ళు ఏరుకుంటాను. నీకు సంటిగుంట ఉంది."

"అలా కాదమ్మా అది. అలా ఒకరి కాడ్నించి ఒకరికి రాదు."

"వత్తాది. నీకు తెలీదు."

"రాదు. రేపు నన్ను వెనక్కి పంపించేస్తారు, అంతే."

"వత్తాదే, వచ్చీసింది! పొద్దుట్నించి నాకు ఈ సెంప మొద్దుబారిపోయింది, గిల్లుకున్నా తెలట్లేదు. అందుకే కదే అడుగుతున్నాను, నీకు తగ్గిందేటే?"