ట్యాంకు కిందికెళ్ళిన దమ్ము చక్రాలు

కడియంలో కాలవగట్టు మీద సత్తియ్య టీ బడ్డీ. రెబెక్కా టీచరు గారు స్కూటీ ఆపి, బల్ల మీద కూర్చున్న బుల్లియ్యని అడిగారు ఒకటే మాట. "బుల్లియ్య గారూ, నా ఊబి చేలో రేపు నాట్లకి దమ్ము చేస్తారా? నారు ముదిరిపోతోంది. మీ ట్రాక్టరుకి దమ్ము చక్రాలు ఉన్నాయా, లేదంటే సుధాకర్ ట్రాక్టరుని పిలుచుకుంటాను." ఇనప చట్రాల్లాంటి ఆ వెడల్పు చక్రాలు లేకపోతే ఆవిడ చేలో ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడిపోతుందని అందరికీ తెలుసు. బుల్లియ్య గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఉండేవండి. ఇప్పుడు మిలట్రీ వాళ్ళ దగ్గరున్నాయి. నవ్వకండి, చెప్తాను. కిందటేడు మన నర్సరీ లారీ మీద లడాఖ్ క్యాంపుకి మొక్కలేసుకెళ్ళానా, వెల్డింగుకని లారీలో పడేసిన చక్రాలు దింపడం మర్చిపోయి వాటినీ మోసుకుపోయాను. అక్కడ చూస్తే ఒక తేలిక ట్యాంకు బురదలో దిగబడుంది, చుట్టూ ముప్పై మంది ఇంజనీర్లు. పెద్ద ట్యాంకుల బరువుకి ఆ కొండల్లో వంతెనలు ఆగవంట, అందుకని దీన్ని సగం బరువులో చేశారు, అయినా దిగబడింది. బరువెంతని కాదండీ, ఆ బరువు ఎంత మేర పరుచుకుందో చూసుకోవాలి అని చెప్పి, నా చక్రాలు రెండూ దాని పట్టాలకి బిగించాను. లేచి నడిచిందండి."

"అంతవరకు బానే ఉంది," అన్నాడు సత్తియ్య పాలు కలుపుతూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిరంగి పేల్చారు. బండి చూస్తే తేలిక, ఫిరంగి చూస్తే పెద్దది. గుండు ముందుకి మూరెడు పోతే ట్యాంకు వెనక్కి మైలు పోయింది. అప్పుడు మొక్కలకేసే కొబ్బరి పీచు బస్తాలు నాలుగు ఆ ఫిరంగి వెనకాల కుక్కాను. మళ్ళీ పేలిస్తే లోపలున్న డ్రైవరు చేతిలో టీ తొణకలేదండి. దాంతో కర్నలు గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకా బరువు తగ్గించాలి బుల్లియ్య గారూ అన్నారు. సరేనని రేకు పల్చన చేయించాను, సీట్లు తీయించాను, ఆఖరికి ఇంజనే తీయించేశాను."

పక్క బల్ల మీద పేపరు చదువుతున్న డేనియల్ తలెత్తాడు. "ఇంజను లేకుండా నడిచిందా?"

"నడవడమేంటండీ, గాలికి ఎగిరింది. మంచుకొండ దాటిపోతుంటే తాడేసి లాగి, మన క్రోటన్ తొట్లు నూట యాభై దానిమీద పేర్చి కిందికి దించాం. అవతలి సైన్యం ఏమనుకుందో తెలుసా? తోట నడిచొస్తోందనుకుంది. ముచ్చటపడి దగ్గరికొచ్చారు, ఆకుల్లోంచి ఫిరంగి గొట్టం బయటికొచ్చింది. మూడు పటాలాలు తుపాకులు పారేసి ఒకటే పరుగు. వాళ్ళ జనరలు మటుకు ఆగి, ఈ ఎర్రాకు మొక్క పేరేంటండి అని అడిగాడు. పాపం, ఒక అంటు ఇచ్చి పంపాను. ఇక కర్నలు గారు నా చేతులు పట్టుకుని, దేశం కోసం ఆ చక్రాలు వదిలెయ్యమన్నారు, ఎలా కాదంటాను? మీరేం కంగారు పడకండి టీచరు గారూ, ట్యాంకు నడిపినోడికి మీ రెండెకరాలు ఒక లెక్కా, ఉత్త టైర్లతోనే దింపేస్తాను."

రెబెక్కా టీచరు గారు ఓపిగ్గా అంతా విన్నారు. సంచిలోంచి రెండు బీరకాయలు తీసి బల్ల మీద పెట్టారు.

"పొద్దున్న మీ ఆవిడ మాణిక్యాంబ గారు ఇచ్చారండి. పెరట్లో పాదు బాగా కాసింది. పందిరికి కర్రలు దొరక్క ఇనప చక్రాలు రెండూ నిలబెట్టి పాకించారంట. నేనూ చూశాను. నీలం రంగువి, ఒకదాని మీద మీ పేరు కూడా ఉంది."

డేనియల్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బుల్లియ్య బీరకాయల్ని పక్కకి జరిపాడు.

"పని అయిపోయాక మిలట్రీ వాళ్ళు తిరిగి పంపించారండి."

"పంపించే ఉంటారు. రేపు తెల్లారేసరికి అవి ట్రాక్టరుకి ఉంటే పని మీదే. పాదు తీసెయ్యాలని ఆవిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మూడు పటాలాల్ని తరిమిన బుల్లియ్య, ఇంకో టీ పొయ్యమని సత్తియ్యకి సైగ చేశాడు.

"మీరే చెప్పండి టీచరు గారూ. అందాకా నేనిక్కడే ఉంటాను."