తియ్యని బావిని మాన్పించిన ఓవర్సీయరు

1951 జూలై రెండవ తేదీన జగ్గయ్యపేటలో జిల్లా బోర్డు ఓవర్సీయరుగా బాధ్యతలు స్వీకరించిన నాటికి షేక్ మొహిద్దీన్ గారి వయస్సు ముప్పై ఎనిమిది. యుద్ధకాలంలో సైన్యం కోసం రహదారులు నిర్మించి వచ్చిన ఆయనకు బావుల పని కొత్త. పేట పరిసరాల్లో సున్నపురాతి పొరల్లో ఊరే నీరు బరువు. సబ్బు నురగ కట్టదు, పప్పు ఉడకదు. నందిగామ వైపు గట్టి నల్లరాతి పగుళ్ళలోని నీరు తేలిక, తియ్యన. తొలి సంవత్సరాల్లో అందరివలెనే వారూ తియ్యని నీరే మంచినీరని నమ్మారు.

1957లో నందిగామకు బదిలీ అయ్యాక ఆ నమ్మకం చెదిరింది. వత్సవాయి సమీపాన ఒక పల్లెలో పిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు, నడివయసు వారికే వంగని నడుములు ఆయన కంటబడ్డాయి. ఊరంతా ఇష్టపడి తాగే బావినీటిని పరీక్షకు పంపగా ఫ్లోరైడు మితిమీరి ఉన్నదని తేలింది. అది అక్కడి నల్లరాతిలోంచి దిగుతున్నది. ఊరి పడమటి చివర మాత్రం సున్నపురాయి తగిలింది. మొహిద్దీన్ గారు అక్కడ కొత్త బావి తవ్వించి, ఆ నీటిని పరీక్షింపజేసి, నిర్భయంగా తాగవచ్చునని చాటించారు. అయినా ఒక్క కడవా అటు కదలలేదు. జనం తాగని బావి ఎందుకు తవ్వించారని పై అధికారులు సంజాయిషీ కోరారు. ఆయన నొచ్చుకున్నారే గాని వెనుకంజ వేయలేదు. సతీమణి వలీబీ గారితో ఆ పల్లెలోనే కాపురం పెట్టి, ఆ నీటితోనే ఇల్లు నడిపారు.

ఒక ఉదయం పాత బావికి వెళుతున్న ఆడవాళ్ళను, కొత్త బావికి రారేమని ఆయన పలకరించారు.

“ఆ నీళ్ళతో పప్పు ఉడకదండీ, కట్టెలు బుగ్గయిపోవటమే గాని గింజ మెత్తబడదంట,” అన్నది వారిలో పెద్దదైన పుల్లమ్మ.

“మా ఇంట్లోనూ అంతే పెద్దమ్మా! నిన్న మా ఆవిడ పప్పు వడ్డిస్తే, గింజొకటి ఎగిరి గోడకి తగిలొచ్చి మళ్ళీ పళ్ళెంలోనే పడింది. రోలు పక్కన పెట్టుకుని తింటున్నా.”

అందరూ పకపకా నవ్వారు. కొందరు నవ్వుతూనే నోటికి పమిట అడ్డం పెట్టుకున్నారు, కొందరు పెట్టుకోలేదు. ఆయన చూపు అక్కడే ఆగింది.

“రాఘవమ్మా, నీ పుట్టిల్లు ఎక్కడమ్మా?” అని, పమిట అడ్డం పెట్టుకోని పుల్లమ్మ కోడలిని అడిగారు.

“పేటండీ.”

పమిట అడ్డం పెట్టుకున్నవారిలో ఒకరు పుల్లమ్మ కూతురు పుష్పవతి. పుట్టిందీ మెట్టిందీ ఆ ఊరే.

“చిన్నప్పట్నుంచీ బొగ్గుతో తోముతానే ఉంది నాయనా, ఆ మరక పోలా,” అన్నది తల్లి.

“అది పైమరక కాదు పెద్దమ్మా. పళ్ళు కట్టే వయసులో తాగిన నీళ్ళది. నీ కోడలికి ఆ వయసు పేటలో గడిచింది. నీ కూతురికి ఇక్కడే గడిచింది.”

పుల్లమ్మ కోడలి వంక చూసింది, కూతురి వంక చూసింది. కూతురి చంకలోని పసిపిల్ల మీద ఆమె చూపు నిలిచిపోయింది.

“మరి దీనికో?”

“దీనికింకా పళ్ళే రాలేదుగా పెద్దమ్మా. ఇవాళ్టి నుంచి ఆ పాత బావి నీళ్ళు మాన్పించు.”

పుల్లమ్మ ఖాళీ కడవతో పడమటికి తిరిగింది. “పప్పు రాత్రే నానేసుకుంటాలే,” అంటూ నడిచింది. మిగిలినవారు ఆమె వెనుక నడిచారు.

ఊరంతా ఒక్కనాడే మారలేదు. కొన్ని ఇళ్ళవారు చాలాకాలం తియ్యని నీటినే తాగారు. అప్పటికే బిగిసిన నడుములు మరి వంగలేదు. ముందే రాలేకపోయానన్న బాధ మొహిద్దీన్ గారిని విడువలేదు. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక, నీటిని పరీక్షించనిదే ఏ బావినీ గ్రామానికి అప్పగించరాదని పట్టుబట్టి నెగ్గారు. నాటి పసిపిల్ల నేడు బడిలో చదువుకుంటున్నది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోదు.

ఈ 1968 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మొహిద్దీన్ గారు నందిగామలో చిన్న ఇల్లు కట్టుకుని, పెరట్లో బావి తవ్విస్తున్నారు. ఆ నీరెలా ఉంటుందని అడిగితే, “రాయి ఏం చెబుతుందో చూద్దామండీ,” అని నవ్వుతున్నారు. ఆ రాయి మంచిమాటే చెప్పాలనీ, ఆ బావినీటితో వలీబీ గారు వండిన మెత్తని పప్పు తింటూ ఆ దంపతులు చిరకాలం ఆరోగ్యంగా, చల్లగా ఉండాలనీ సహోద్యోగులందరి మనఃపూర్వకమైన ఆకాంక్ష.