గాలితో నడిచిన స్కూటరు

“రండిరా పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. ఆ పాత టైర్ల మీద కూర్చోండి, బట్టలు మురికైతే మీ అమ్మలకు నా పేరు చెప్పండి. ఆ బ్యాటరీల జోలికి మాత్రం పోకండి. మీ వ్యాను మామయ్యకు చిన్న అనుమానం వచ్చింది. అది తీర్చేశాక పనిలోకి దిగుదాం.”

ఇలా పిలిచినవాడు మెకానిక్కు. అనుమానం వచ్చినవాడు ఆయన చెల్లెలి మొగుడు, పిల్లల్ని బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే పాత వ్యాను నడుపుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా వ్యాను కిరాయి పెంచమని అడుగుదామని పిల్లల నాన్నల దగ్గరికి వెళ్లి నిలబడేవాడు, నిలబడి, ఎండల గురించి మాట్లాడి తిరిగి వచ్చేసేవాడు. చివరికి బావ మాట పట్టుకుని, బడి వదలగానే వ్యానును నేరుగా షెడ్డుకు తెచ్చి తాళంచెవి బల్లమీద పెట్టాడు. అరగంటలో ఇంజను ఊడదీసి దాని చోట గాలిమర బిగించి ఇస్తానని బావ మాట. ఊడిన ఇంజన్ను పట్టుకుపోవడానికి పాత ఇనుము కొనేవాడు తోపుడుబండితో సహా గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. అది కాస్తా తోపుడుబండి ఎక్కిందంటే ఇక తిరిగి రాదు. అందుకే వ్యాను ఆయన ఒక్కటంటే ఒక్క మాట అడిగాడు, నిజంగా నడుస్తుందా బావా అని.

“నడుస్తుందా అంటారేమిటి బావగారూ, ఆపడమే కష్టం. ఉన్నమాట చెప్పాలి, మొదట్లో నేను చేసింది పెద్ద పనేం కాదు. ఇంట్లో మూలన పడున్న టేబులు ఫ్యాను రెక్కలు ఊడదీసి నా స్కూటరు హ్యాండిలుకు బిగించాను, దాని వెనక సైకిలు డైనమో ఒకటి తగిలించాను, అంతే. బండి కదిలితే గాలి కొడుతుంది, గాలి కొడితే రెక్క తిరుగుతుంది, రెక్క తిరిగితే కరెంటు పుడుతుంది, కరెంటు పుడితే బండి కదులుతుంది. ఇందులో పెట్రోలుకు పనెక్కడుంది చెప్పండి?”

పక్క కొట్లో కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ అక్క తల ఎత్తకుండానే, మరి మొట్టమొదట దాన్ని కదిపిందెవరని అడిగింది.

“మా ఆవిడ నెట్టింది అక్కా. ఒక్కసారే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కణ్ణుంచి బండిని నేను నడపలేదు, బండే నన్ను నడిపింది. వేగం పెరిగితే గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే వేగం పెరుగుతుంది, ఇక దానికి అంతెక్కడ? బస్సును దాటాను. లారీలను దాటాను. రైలును దాటితే, పాపం రైల్లో జనం తమ బండి ఆగిపోయిందనుకుని సామాన్లతో సహా దిగిపోయారు. హారను కొట్టాను, ఆ చప్పుడు నా వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చి, నేను అవతలి ఊళ్లో టీ తాగుతుంటే అప్పుడందింది.”

పిల్లలు టైర్ల మీద దొర్లి దొర్లి నవ్వారు. వ్యాను ఆయన నవ్వలేదు. పదకొండు మంది ఎక్కితే లాగుతుందా అని అడిగాడు. లాగడమేమిటి, పదకొండు మందీ నోళ్లు తెరిచి కూర్చుంటే ఆ గాలి కూడా కలిసొస్తుందన్నాడు మెకానిక్కు, పానా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ.

“అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, నేను వెళ్లిన దారిలో గాలంతా నా బండే తాగేసేది. నేను పోయాక మూడు రోజులు ఆ వీధిలో ఆకు కదలదు, ఉతికిన బట్ట ఆరదు. చాకలి వచ్చి నెత్తీనోరూ కొట్టుకున్నాడు. సరే, ఒకరి కడుపు కొట్టకూడదు కదా, వెనకాల గొట్టం తిప్పి పెట్టాను. ఇక చూసుకోండి, అందరి బండ్లకూ పొగ వస్తుంది, నా బండికి చల్లగాలి వచ్చేది. జనం కుర్చీలు తెచ్చుకుని నా వెనక కూర్చునేవాళ్లు. దగ్గు మందులు రాసే డాక్టరు, మందులు మానేసి, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నా సైలెన్సరు దగ్గర కూర్చోమని చీటీలు రాయడం మొదలెట్టాడు. ఆ పరిశుభ్రతకు సీటు మీద గడ్డి మొలిచింది అక్కా, నీ మీదొట్టు. ఒక మేక మూడు మైళ్లు నా వెనకే వచ్చింది.”

నా మీద ఒట్టెందుకు, ఉంటే మేక మీద వెయ్యమంది దర్జీ అక్క. అప్పటికి మెకానిక్కు ఎవరి మాటా వినే స్థితిలో లేడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కబురు సముద్రం దాటింది. నూనె ఓడలు నడి సముద్రంలో ఆగిపోయాయి, ముందుకు రమ్మంటారా వెనక్కి పొమ్మంటారా అని నాకే కబురు. నూనె బావులున్న దొర ఒకాయన విమానం దిగి ఇదిగో ఈ టైరు మీదే కూర్చున్నాడు, ఆ పిల్ల కూర్చుందే, అదే టైరు. బాబ్బాబు, ఆ ఫ్యాను పీకెయ్యి, మా పిల్లలు రోడ్డున పడతారు అని చేతులు పట్టుకున్నాడు. పీకను, కావాలంటే నువ్వే ధర తగ్గించుకో అన్నాను. పెట్రోలు ధర సగానికి సగం తగ్గించేస్తానని కాగితం రాసి తెచ్చాడు.”

“తగ్గినట్టు మా ఇంటిదాకా రాలేదే,” అంది దర్జీ అక్క.

“నేనే వద్దన్నాను అక్కా. చవకైతే జనం దుబారా చేస్తారు.”

గుమ్మంలో పాత ఇనుము మనిషి పొద్దు వాలుతోందని గొణిగాడు. మెకానిక్కు చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క నిమిషం, అసలు కథ ఇప్పుడే మొదలైందన్నాడు. లేచి నిలబడ్డాడు, పానాను హ్యాండిలులా రెండు చేతులతో పట్టుకున్నాడు.

“కొండ దారి. ఎదురుగా నిట్టనిలువు ఎత్తు. సరిగ్గా అప్పుడే గాలి స్తంభించిపోయింది. ఇంకొకడైతే దిగి ఏడుస్తాడు. నేనేం చేశాను? నా నోటి గాలితో ఆ రెక్కను ఊదాను. ఒక్క ఊపిరికి బండి సగం కొండ ఎక్కింది.”

“ఆ నోటి గాలి సంగతి మాత్రం నమ్ముతాను,” అంది దర్జీ అక్క.

“సగం కొండ ఎక్కాక మలుపు. మలుపులో బండి ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది. నాకు అర్థమైపోయింది, రిజర్వులో పడింది. నేను కంగారు పడే మనిషినా? చూపు రోడ్డు మీదే ఉంచి, ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి, ఆ నాబు ఇలా కిందికి తిప్పేసరికి…”

కుట్టుమిషను ఆగింది. మెకానిక్కు చెయ్యి తొడ పక్కన, తిప్పుతున్న భంగిమలోనే ఉంది. వ్యాను ఆయన ఆ చేతివంక చాలాసేపు చూశాడు. ఆయన మాటలో వెటకారం లేదు. తెలియక అడిగినట్టే అడిగాడు.

“బావా, రిజర్వంటే ట్యాంకు అడుగున మిగిలే పెట్రోలు కదా. గాలికి రిజర్వు ఎక్కడుంటుంది?”

మెకానిక్కు నోరు తెరిచాడు. అది వేరే రకం రిజర్వు అన్నాడు, లోపల ఒక తిత్తి ఉంటుందన్నాడు, ఆ తిత్తి గురించి చెప్పబోయి ఆగిపోయాడు. ముందు పాత ఇనుము మనిషి నవ్వాడు. తర్వాత పిల్లలు. వ్యాను ఆయన ఎవరితోనూ కలవకుండా బల్ల దగ్గరికి నడిచి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

“రేపు ఎనిమిదింటికి ఈ పదకొండు మందినీ బడి దగ్గర దింపాలి బావా. ఒక్కరోజు దింపకపోతే వాళ్ల నాన్నలు వేరే బండి చూసుకుంటారు, నాకు ఇంకో పని రాదు. నువ్వు కార్బురేటరు కడిగి బిగిస్తే ఏ బండైనా పెట్రోలు తక్కువ తాగుతుంది. చుట్టుపక్కల నీ అంత బాగా ఆ పని ఎవరూ చెయ్యరు. అది మాత్రం నువ్వు ఎప్పుడూ చెప్పుకోవు.”

మెకానిక్కు పానా పట్టుకుని వ్యాను కిందికి దూరాడు. పాత ఇనుము మనిషి తోపుడుబండి నెట్టుకుంటూ వెళ్లిపోయాడు. మెకానిక్కు కార్బురేటరు విప్పి, ప్రతి చిన్న రంధ్రాన్నీ సన్నటి తీగతో గుచ్చి, ఊది, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ గుచ్చాడు. అంతసేపూ ఒక్క కోత కొయ్యలేదు. బిగించి తాళం తిప్పించి, ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు. స్క్రూ పావు వంతు తిప్పాడు. దగ్గే ఇంజను సర్దుకుని, తుమ్మెద ఝంకారంలా సన్నగా తిరిగింది. పొగ కూడా దాదాపు లేదు. వ్యాను ఆయన ముఖం విప్పారింది.

పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. అందరికంటే చిన్న పిల్ల మాత్రం మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. దానికి ఎవరు ఎందుకు నవ్వారో తెలియదు, కథ సగంలో ఆగిందని మాత్రం తెలుసు.

“నాబు తిప్పాక ఏమైంది మామయ్యా?”

మెకానిక్కు గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటూ ఒక్కక్షణం దాని కళ్లలోకి చూశాడు. నోట్లో మాట ఒకటి ఊరింది, మింగేశాడు.

“తిప్పాక ఏముందమ్మా, అందులోనూ చుక్క లేదు. ఆ కొండ మీంచి ఇంటిదాకా నెట్టుకుంటూ వచ్చాను, మా ఆవిడ వెనక నుంచి తిడుతూనే ఉంది. పోండి, పొద్దుపోయింది. ఇళ్లకు పోయి అన్నాలు తినండి.”